ముప్పై నిమిషాలేనా?

హైటెక్ సిటీ టెకీలు ఇప్పుడు రోజూ జేబులో పెట్టుకెళ్లడానికి గట్టి టార్చిలైటు వెతుక్కుంటున్నారు.

2020లో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెన రాత్రయితే రంగులు మారుస్తుంది. చూడముచ్చటే, కాదనం.

వంతెన దిగి సందులోకి తిరిగితే చీకటి. వీధి దీపాలకూ వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చినట్టున్నారు! గుంత ఎక్కడుందో కాలికే తెలియాలి.

అందుకే ఈ టార్చి. వెయ్యి ల్యూమెన్లట. కిందపడినా పగలదట. పైగా ఐపీఎక్స్7 రేటింగట: మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు మునిగినా ఢోకా లేదట.

ఆ లెక్క కట్టినవాళ్లెవరోగానీ మన ఊరివాళ్లు కారు. వానపడ్డ సాయంత్రం బయోడైవర్సిటీ కూడలి దాటడానికి 30 నిమిషాలు ఏ మూలకి?