మూత తీయని మందుడబ్బా ఆత్మకథ

నేనొక తెల్లని ప్లాస్టిక్ మందుడబ్బాను. నాలో ముప్పై మాత్రలు, తేమ పీల్చే చిన్న పొట్లం ఒకటి ఉండేవి. రోజుకొకటి చొప్పున నెలకు సరిపోయే మందు. హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో నన్ను టీఎల్‌డీ అంటారు. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 కలిపి ఒకే మాత్రగా చేశారు. నేనెలా తయారయ్యానన్నది పెద్దగా చెప్పుకోదగ్గ సంగతి కాదు. చెప్పుకోవలసింది నా వంశం గురించి.

మా వంశంలో మొదటి మందు జిడోవుడిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒంటరిగా వాడితే అది కొన్నాళ్లే పనిచేసేది. ఆ తర్వాత వైరస్ దానికి లొంగకుండా పోయేది. మూడు మందులు కలిపి ఇస్తే వైరస్ అణిగి ఉంటుందని 1996లో తేలింది. కానీ ఆ వైద్యానికి ఏడాదికి పదివేల డాలర్ల పైమాటే. అదే వైద్యాన్ని 350 డాలర్లకు ఇస్తామని 2001లో మన సిప్లా కంపెనీ ముందుకొచ్చినప్పుడు మా వంశానికి పేదవాళ్ల గడప తొక్కే దారి దొరికింది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇవాళ హైదరాబాద్ కంపెనీల మందులు ఆఫ్రికా దేశాల్లో కూడా ప్రాణాలు నిలబెడుతున్నాయి. ఈ మాట చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది.

మా పెద్దలు మనుషుల్ని బతికించారు, కాని బాధ కూడా పెట్టారు. స్టావుడిన్ ఏళ్ల తరబడి వాడినవాళ్లకు బుగ్గలు పీక్కుపోయేవి, అరికాళ్లు మంటలెత్తేవి. ఎఫావిరెంజ్ మింగి పడుకుంటే తల తిరిగేది, పీడకలలు వచ్చేవి. అయినా ఆ రోజుల్లో వాటికోసం జనం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. ఒంటికి కాపుకాసే సీడీ4 కణాలు 200 కంటే తగ్గితేనే మందు ఇచ్చేవారు. తర్వాత ఆ హద్దు 350కి, ఆపై 500కి పెరిగింది. కణాలు ఇంకా తగ్గలేదని ఉత్త చేతులతో ఇంటికి వెళ్లినవాళ్లలో చాలామంది మళ్లీ వచ్చేసరికి మంచం మీద ఉన్నారు. ఆగకుండా మొదలుపెడితేనే మేలని 2015లో స్టార్ట్ అనే అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. 2017 నుంచి మన దేశంలో కూడా సీడీ4 ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇస్తున్నారు. సిద్ధంగా ఉంటే అదే రోజు, లేకపోతే వారంలోపు మొదలుపెట్టమంటారు.

అంతమంది అడిగినా దొరకని మందు నా యజమానికి అడక్కుండానే దొరికింది. ఆయన నా మూత తీయలేదు. నా బాధంతా అదే.

ఆయన గుంటూరు జిల్లాలో సెంట్రింగ్ మేస్త్రి. బావమరిది ఆపరేషన్‌కు రక్తం ఇస్తే, బ్లడ్ బ్యాంకువాళ్లు పిలిచి హెచ్ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీకి పంపారు. అక్కడ మూడు రకాల కిట్లతో పరీక్ష చేసి పాజిటివ్ అని చెప్పారు. ఒంట్లో ఏ నలతా లేని మనిషి. ఏఆర్‌టీ సెంటర్లో టీబీ లక్షణాలు ఉన్నాయేమో అడిగి, రక్తం తీసుకుని, నన్ను చేతిలో పెట్టారు. "ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు తమ్ముడూ. బాగున్నావు కదాని ఆగొద్దు. బాగున్నప్పుడు మొదలుపెడితేనే బాగుంటావు" అంది కౌన్సెలర్. ఆయన తల ఊపాడు.

బస్టాండులో ఓ మూల నిలబడి బొటనవేలి గోటితో నా లేబుల్ గీకేశాడు. చివరి ముక్క ఊడకపోతే ఉమ్మి రాసి మరీ రుద్దాడు. మాత్రల చప్పుడు వినపడకుండా చేతిరుమాలులో గట్టిగా చుట్టాడు. ఇంటికి వెళ్లాక ట్రంకు పెట్టె అడుగున, పెళ్లి పట్టుచీర కిందికి తోసేశాడు. అక్కడి నుంచి నాకు చీకటే లోకం. పైన రేకుల కప్పు వేడి, లోపల కలరా ఉండల వాసన. రాత్రి అన్నాలయ్యాక ఆయన అడుగుల చప్పుడు పెట్టె దాకా వచ్చేది. కాసేపు ఆగి వెనక్కి వెళ్లిపోయేది. ప్రతి రాత్రీ ఇవాళైనా తీస్తాడనుకునేదాన్ని. ఈయనకు మందంటే భయం లేదు. ఎవరైనా చూస్తారేమో, మేస్త్రి పని పోతుందేమో, పిల్లకు సంబంధాలు రావేమో అన్నదే భయం. లేబుల్ గీకింది ఆయన గోరే అయినా గీకించింది మాత్రం ఊరి నోరు. ఇలాంటివాళ్లను పనిలోంచి తీసేయడం, వైద్యం నిరాకరించడం, వాళ్ల సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడం కూడదని 2017లో చట్టమే వచ్చింది. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పిన మనిషి లేడు.

ఆయన ఆగాడు కాని వైరస్ ఆగలేదు. అది సీడీ4 కణంలోకి దూరి, ఆ కణం చేతే తన నకళ్లు తయారు చేయించుకుంటుంది. పైకి మనిషి పనికి వెళ్తూనే ఉంటాడు, లోపల కాపుకాసే కణాలు తగ్గిపోతూ ఉంటాయి. ముందు నడుం చుట్టూ సర్పి లేచింది. ఆ తర్వాత సాయంత్రం జ్వరాలు, తగ్గని దగ్గు. చొక్కాలు వదులైపోయాయి. పాతచీరల కోసం పెట్టె తెరిచిన ఆయన భార్య చేతికి నేను దొరికాను.

"ఏమయ్యా, ఇవేం మాత్రలు?" అని అడిగింది. ఆయన గోడవైపు తిరిగాడు. చాలాసేపటికి చెప్పాడు. ఆమె ఏడ్చింది, తిట్టింది. తెల్లారి నన్ను సంచిలో వేసుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని సెంటర్‌కు బయల్దేరింది.

మందు తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా పాత డబ్బా తెమ్మంటారు. ఎన్ని మింగారో, ఎన్ని మిగిలాయో లెక్క చూస్తారు. ముప్పైలో రెండు మిగిలినా లెక్క తొంభై అయిదు శాతం కిందికి పడిపోతుంది. ఫార్మసిస్టు నా మూత తీసి మాత్రలు పళ్లెంలో పోసి, వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. ముప్పైకి ముప్పై ఉన్నాయి. అతను ఒక్క మాట కూడా అనలేదు, మాత్రలు పక్కన పెట్టేశాడు. ఒక మనిషిని నెల రోజులు కాపాడవలసిన మందు ఎవరి నోట్లోకీ పోకుండానే పాడైపోయింది. ఆ పళ్లెం ముందు ఖాళీగా నిలబడినప్పటి బాధ నాకు ఇంకా తీరలేదు.

ఆయనకు టీబీ అని తేలింది. ముందు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు వారాల్లోపు టీఎల్‌డీ ఇచ్చారు. టీబీకి వాడే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి పన్నెండు గంటల తేడాతో మరో డోలుటెగ్రావిర్ మాత్ర కూడా వేసుకోమన్నారు. గ్యాస్‌కు తాగే యాంటాసిడ్‌లు దగ్గరదగ్గరగా తీసుకోవద్దని, తీసుకోవాల్సి వస్తే టీఎల్‌డీ వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో మింగమని చెప్పారు. ఆమెకు కూడా పరీక్ష చేశారు. నెగటివ్ వచ్చింది. మళ్లీ పరీక్షలకు రమ్మన్నారు, అందాకా కండోమ్ తప్పనిసరి అన్నారు. ఆయన కాలయాపన చేసినన్నాళ్లూ ఆ ముప్పు ఆమె నెత్తిన ఉందని ఆ రోజే ఆయనకు అర్థమైంది.

నన్ను ఆమె పారేయలేదు. బొత్తాలు, సూదులు వేసుకుని కుట్టుమిషను పక్కన పెట్టుకుంది. అందుకే తర్వాతి కథ కళ్లారా చూశాను. నా చెల్లెలు లాంటి కొత్త డబ్బాకు దేవుడి గూటి పక్కన చోటు దొరికింది. రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగేది. ఆమె నీళ్లగ్లాసు పెట్టేది, ఆయన మింగేవాడు. మెల్లగా ముఖం నిండింది. మళ్లీ పనికి వెళ్లాడు. ఆరు నెలలకు వైరల్ లోడ్ పరీక్ష చేశారు. మందు లేనప్పుడు మిల్లీలీటరు రక్తంలో లక్షల కాపీలు కూడా ఉండొచ్చు. ఆయన రిపోర్టులో "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని వచ్చింది. పరీక్షకు దొరకనంతగా వైరస్ అణిగిపోయిందన్నమాట.

"ఇంక మానేయొచ్చా?" అని ఆయన అడిగితే కౌన్సెలర్ ఒప్పుకోలేదట. వైరస్ కొన్ని కణాల్లో నిద్రపోతూ ఉంటుంది, మందు ఆపితే కొన్ని వారాల్లోనే లేస్తుంది. వదిలి వదిలి మింగితే మందుకు లొంగకుండా తయారవుతుంది. మానకుండా మింగితే మాత్రం మామూలు మనిషిలా నిండు ఆయుష్షు బతకొచ్చు. పైగా వైరస్ అలా అణిగి ఉన్న మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్ఐవీ సోకదు. పార్ట్‌నర్ అధ్యయనం యూరప్‌లో ఒకరికి పాజిటివ్, ఒకరికి నెగటివ్ ఉన్న 888 జంటలను గమనించింది. 2016లో ఫలితాలు ప్రకటించే నాటికి, మందుతో వైరస్ అణిగినవారి నుంచి భాగస్వామికి సోకిన సందర్భం ఒక్కటి కూడా కనబడలేదు. ఆ మాట ఇంట్లో చెప్పుకున్న రాత్రి ఆ దంపతులు చాలాసేపు మెలకువగానే ఉన్నారు.

ఇల్లు మారేటప్పుడు కూలి కుర్రాడు నన్ను చెత్త కుప్పలో పారేశాడు. మూత ఎక్కడో పడిపోయింది. ఎండకు పగిలాను. లేబుల్ లేదు కాబట్టి నేనెవరో ఎవరికీ తెలియదు. పారేసినందుకు నాకు కోపం లేదు, ఖాళీ డబ్బా చోటు అదే. మందు నిండుగా ఉండి కూడా చీకట్లో పడి ఉన్న ఆ నెలలే నన్ను బాధపెడతాయి.

అందుకే ఒక మాట చెప్పి ముగిస్తాను. అనుమానం ఉంటే దగ్గర్లోని ఐసీటీసీకి వెళ్లండి, పరీక్ష ఉచితం, గోప్యం. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయండి. గర్భిణులైతే అసలు ఆలస్యం చేయొద్దు, తల్లి మింగే మాత్ర బిడ్డను కూడా కాపాడుతుంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరైనా ఈ మాత్ర మింగుతుంటే చాటుకు వెళ్లి మింగే అవసరం రానీయకండి. పాజిటివ్ అని తెలిసినవారు బాగానే ఉన్నాం కదాని ఆగకండి. మందు చేతికొచ్చిన రోజే మూత తీయండి.