తొంభై తొమ్మిది రూపాయల తోక

తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది, ఏమిటది? ఒకప్పుడు ఈ పొడుపు కథ వేస్తే కొడవలూరు బడిలో ఏ పిల్లాడైనా ‘ఉత్తరం’ అని ఠక్కున విప్పేవాడు. ఇప్పటి వెబ్‌సైటు పిట్టలకు ఆ సుఖం లేదు. తోక లేనిదే గూడు దాటవు. ఆ తోక డాట్ కామ్ అయితే ఒక మర్యాద, డాట్ ఎక్స్‌వైజెడ్ అయితే ఇంకో మర్యాద. ఆన్‌లైన్, సైట్, స్టోర్, టాప్, క్లిక్, గురు, నింజా అంటూ వెయ్యికి పైగా తోకలు సంతకొచ్చాయి. చేపలమ్మేవాడికి డాట్ ఫిష్ ఉంది, పొలం ఉన్నవాడికి డాట్ ఫార్మ్ ఉంది, ఎవరినైనా తిట్టాలనుకుంటే డాట్ సక్స్ కూడా ఉంది.

జాతీయ రహదారి 16 మీద నెల్లూరు దాటి కావలి వైపు పోతుంటే కొడవలూరు తగులుతుంది. వరి పండే నేల, రొయ్య పెరిగే తీరం. ఇక్కడి వ్యాపారికి లెక్కలు రావనుకుంటే పొరపాటే. పుట్టి వడ్లంటే 850 కిలోలని నిద్రలో లేపినా చెబుతాడు. గుప్పెడు రొయ్యలు చేతిలో పోస్తే కౌంటు ఎంతో చూసి చెరువు ఖరీదు కట్టేస్తాడు. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ అని 2022 జులై 18 నుంచి ఢిల్లీ మొదలుపెట్టింది. తెలుగు బజార్లలోకి 26 కిలోల బస్తా దిగింది. ఒక్క కిలోతో కేంద్ర ఆర్థిక శాఖను దాటేసిన బుర్ర అది. అంతటి బుర్ర తొంభై తొమ్మిది రూపాయల దగ్గర బోల్తా పడటమే ఈ వారం వింత.

ఆ బుర్ర గల మిల్లు యజమానిని ఒకరిని ఊహించుకుందాం. ఆయన కల్పితం. ఆయనకు ఎదురైన తోకలు మాత్రం నిజం.

బీటెక్ చదివి ఇంటికొచ్చిన కొడుకు ఒక పొద్దున కంప్యూటర్ ముందు నుంచి కేకేశాడు.

“నాయనా, మన మిల్లుకు వెబ్‌సైటు పెడతుండా. డాట్ కామ్ ఎవురో కొనేసుండారు. డాట్ ఎక్స్‌వైజెడ్ అయితే తొంభై తొమ్మిదికే వస్తుండాది.”

“ఏందబ్బయ్యా, నెలకా?”

“నెలకు కాదు, ఏడాదికి.”

“అయితే రెండు తీసుకో.”

ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. 26 కిలోల బస్తాల మీద ధాన్యపు కంకి బొమ్మ, దాని కింద కొత్త చిరునామా అచ్చు వేయించారు. సంచులు వేలల్లో వేయిస్తే అచ్చు ఖర్చు తగ్గుతుంది కాబట్టి వేలల్లోనే వేయించారు.

మొదటి దెబ్బ చెన్నై నుంచి తగిలింది. నెల్లూరు బియ్యం తరతరాలుగా ఆ ఊరు పోతున్నదే. అక్కడి తెలుగు వర్తకుడు ఫోన్ చేసి సైటు పేరేమిటని అడిగాడు. యజమాని గొంతు సవరించుకుని మిల్లు పేరు చెప్పి, ‘డాట్ ఎక్స్ వై జెడ్’ అన్నాడు. అవతల కాసేపు చప్పుడు లేదు.

“ఎక్స్ వై జెడ్ అంటే ఏదో ఒకటి అనుకోమనా? తమాషాలొద్దన్నా, అసలు పేరు చెప్పండి.”

చెన్నై వర్తకుణ్ని అనడానికి లేదు. అమెరికాలో పెద్ద ఆన్‌లైన్ దుకాణం ఓవర్‌స్టాక్‌కు ఇదే శాస్తి జరిగింది. 2011లో అది డాట్ కామ్‌ను పక్కనబెట్టి, కొలంబియా దేశపు తోక తగిలించుకుని ‘ఓ డాట్ కో’ అని ఊరంతా చాటింపు వేసింది. ప్రకటన చూసిన జనంలో చాలామంది వేళ్లు మాత్రం అలవాటు కొద్దీ ఓ డాట్ కామ్ అని కొట్టాయి. అక్కడ కొట్టే లేదు. ఏడాది తిరక్కుండానే కంపెనీ మళ్లీ పాత పేరు పక్కకు జరిగింది. చెవికి అలవాటైన తోక నోటికొస్తుంది, నోటికొచ్చినదే వేలికొస్తుంది. 1985 నుంచి ఉన్న డాట్ కామ్‌కు ఈ మూడూ అలవాటైపోయాయి.

కొడుకు ఊరుకుంటాడా? “గూగుల్ వాళ్ల మాతృసంస్థ ఆల్ఫాబెట్‌ది కూడా ఇదే తోక నాయనా, ఏబీసీ డాట్ ఎక్స్‌వైజెడ్” అన్నాడు. నిజమే, 2015లో ఆ కంపెనీ పుట్టింది ఆ చిరునామాతోనే. అంత దూరం దేనికి, మన ‘ఆహా’ ఓటీటీ చిరునామా ఆహా డాట్ వీడియో. ‘ఈనాడు’ది డాట్ కామ్ కాదు, డాట్ నెట్. అయితే ఈనాడు రోజూ తెల్లారేసరికి గుమ్మంలో పడుతుంది. ఆహాను సినిమా తారలు తెర మీద నిలబడి పరిచయం చేస్తారు. ఆల్ఫాబెట్‌ను వెతకడానికి ఆల్ఫాబెట్ వాళ్ల గూగులే ఉంది. వాళ్లు ఏ తోక తగిలించుకున్నా దాన్ని జనానికి నేర్పడానికి డబ్బుంది. కొడవలూరు మిల్లు దగ్గర ఉన్నది బియ్యం.

ఇంతకీ ఇన్ని తోకలు ఎక్కడ మొలిచాయి? ఇంటర్నెట్ పేర్ల పెత్తనం చూసే ఐక్యాన్ అనే సంస్థ 2012లో ‘కొత్త తోకలు కావలసినవారు దరఖాస్తు చేసుకోండి’ అని తలుపులు తెరిచింది. రుసుము 1,85,000 డాలర్లు. వచ్చిన దరఖాస్తులు 1,930. గుణకారం పాఠకులే వేసుకోవచ్చు. 2013 అక్టోబరులో మొదటి విడత తోకలు ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి. వేలకొద్దీ వెబ్‌సైట్లు, యాప్‌లు ఈ కొత్త తోకల్ని చూసి ‘ఇది ఈమెయిల్ చిరునామా కాదు’ అని ఎర్రక్షరాలతో తిప్పి పంపుతుంటే, ‘దయచేసి అన్ని తోకల్నీ ఒప్పుకోండి’ అని లోకానికి చెప్పుకోవడానికి 2023 మార్చి 28న ఏకంగా ఒక దినోత్సవమే మొదలుపెట్టారు. తోకలు అమ్మడం ముందు, వాటిని మనుషుల్లో కలపడం పదేళ్ల తర్వాత. తర్వాతి విడత దరఖాస్తుకు రుసుము 2,27,000 డాలర్లుగా ఖరారైంది.

మిల్లు కథలో రెండో దెబ్బకు చప్పుడే లేదు. బెంగళూరు హోటళ్లకు మెయిల్లో కొటేషన్లు పంపారు. పది రోజులైనా ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. ధర ఎక్కువైందేమోనని బస్తాకు ముప్పై తగ్గించి మళ్లీ పంపారు. అదీ అంతే. చివరికి ఒక హోటల్ మేనేజర్‌కు ఫోన్ చేస్తే, వెతికి వెతికి స్పామ్ అరలోంచి బయటికి తీశాడు. లాటరీ తగిలిందనే ఉత్తరానికీ, ఆఫ్రికా యువరాజు ఆస్తి పంపకానికీ నడుమ నెల్లూరు మసూరి నలుగుతూ కనిపించింది.

దీనికి కారణం మిల్లు కాదు, ఇరుగుపొరుగు. తోక చవకైతే ముందుగా పరిగెత్తుకొచ్చేది మోసగాడే. అతనికి ఒక పేరు చాలదు, వేలల్లో కావాలి. నాలుగు రోజులు వాడి పారేస్తాడు. కాబట్టి ఒక్కో పేరు మీద మిగిలే ప్రతి రూపాయీ అతనికి లాభమే. సైబర్ నేరాల మీద లెక్కలు తీసే ఇంటర్‌ఐల్ సంస్థ 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా చూస్తే, కొత్త తోకల వాటా మార్కెట్లో 11 శాతమే, నేరాలకు వాడిన పేర్లలో మాత్రం దాదాపు 37 శాతం. డాట్ టాప్ తోకను నడిపే చైనా కంపెనీకైతే, దొంగ సైట్ల మీద వచ్చిన ఫిర్యాదుల్ని సరిగా పట్టించుకోవడం లేదని ఐక్యాన్ 2024 జులైలో నోటీసే ఇచ్చింది. మెయిళ్లను వడపోసే యంత్రానికి మొహమాటం ఉండదు. ఆ వీధిలో దొంగలెక్కువని ఒకసారి రాసుకున్నాక, ఆ వీధి నుంచి పూజారి వచ్చినా జేబులు తడుముతుంది.

‘తొంభై తొమ్మిది కూడా దండగ, ఊరికే వచ్చే తోకలున్నాయి’ అని సలహా ఇచ్చే మిత్రులూ ఒకప్పుడు ఉండేవారు. పసిఫిక్ సముద్రంలో న్యూజిలాండ్ ఏలుబడి కింద టోకెలావ్ అని మూడు పగడపు దిబ్బలున్నాయి. జనాభా ఒక చిన్న పల్లె పాటి, పదిహేను వందలకు అటూ ఇటూ. దాని తోక డాట్ టీకే కింద ఒక దశలో 2 కోట్లకు పైగా పేర్లుండేవి. ఫ్రీనామ్ అనే నెదర్లాండ్స్ కంపెనీ దీన్నీ, మాలి, గాబన్ వంటి మరో నాలుగు ఆఫ్రికా దేశాల తోకల్నీ ఉచితంగా పంచిపెట్టింది. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడకుండా జనం బుద్ధిగానే తీసుకున్నారు. అయితే ఒప్పందంలోని చిన్నక్షరాల ప్రకారం పేరు వాడుకునేవాడిది కాదు, కంపెనీదే. మోసగాళ్లకు నీడనిస్తోందని మెటా కంపెనీ కోర్టుకెక్కింది. 2023లో ఫ్రీనామ్ కొత్త పేర్లివ్వడం ఆపేసింది. అదే ఏడు జూన్‌లో గాబన్ తన తోకను తాను వెనక్కి లాక్కుని, దాదాపు 70 లక్షల పేర్లు చెరిపేస్తున్నట్టు ప్రకటించింది. 2024 ఫిబ్రవరికి ఫ్రీనామ్ ఈ వ్యాపారానికే దండం పెట్టింది. ఆ పేర్లతో విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నవారు వాటిని దేనికి వాడుకున్నారో చరిత్రకెక్కలేదు.

మూడో దెబ్బ ఏడాది తిరిగాక పడింది. రెన్యువల్ బిల్లు. తొంభై తొమ్మిది అని గుర్తున్న అంకె వేలల్లోకి పోయింది. యజమానికి కోపమొచ్చింది కానీ, ఆయన వాడుకునే మాయే అది. కొత్త గిరాకీకి మొదటి బస్తా తగ్గించి ఇచ్చి, రుచి మరిగాక అసలు ధర చెప్పడం ఆయన కనిపెట్టిందే అనుకునేవాడు. డాట్ కామ్ టోకు ధరకు ఒప్పందంలో పరిమితి రాసి ఉంది. కొత్త తోకలకు అలాంటి పగ్గం లేదు. 2017లో యూనిరిజిస్ట్రీ అనే కంపెనీ తన తోకల్లో కొన్నిటి ధరను 20 డాలర్ల లోపు నుంచి ఒక్కసారిగా 300 డాలర్లకు ఎత్తేసింది. ‘కొనేవాళ్లు తగ్గారు, ఉన్నవాళ్లే మోయాలి’ అన్నది దాని తర్కం. పేర్ల దుకాణాల్లో పెద్దదైన గోడాడీ ఈ బేరం మాకొద్దని వాళ్ల సరుకునే పక్కన పెట్టింది. అప్పటికే ఆ తోకతో ఊరంతా తిరిగినవాడు ఎక్కడికి పోతాడు? మిల్లు షెడ్డు వేసుకున్నాక స్థలం అద్దె పెంచితే విప్పుకుని పోలేనట్టే.

నిజానికి దాన్ని తోక అనడమే పొరపాటు. ఉత్తరం మీద చిరునామాను తపాలావాళ్లు కింది నుంచి పైకి చదువుతారు. ముందు పిన్‌కోడ్, తర్వాత ఊరు, చివరికి ఇంటి నంబరు. కంప్యూటరూ అంతే. చిరునామాను కుడి నుంచి ఎడమకు చదువుతుంది. మనం తోకనుకునేది దానికి తలకాయ. మనిషేమో ఎడమ నుంచి మొదలుపెట్టి, తెలిసిన పేరు కనబడగానే కళ్లు మూసి దండం పెడతాడు.

ఆ దండం ఖరీదేమిటో తిరుమల కొండను అడగాలి. 2023 ఏప్రిల్‌లో తితిదే ఒక నకిలీ వెబ్‌సైటు మీద తిరుమల పోలీసులకు ఫిర్యాదు చేసింది. అది 41వది. అంతకుముందు 40 అయ్యాయి. అసలు చిరునామా అప్పట్లో తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్. నకిలీవాడు చుక్కలు తీసి అడ్డగీతలు పెట్టాడు. తిరుపతిబాలాజీ, ఏపీ, జీవోవీ అన్నీ వరసగా ఉన్నాయి. చివర మాత్రం డాట్ ఆర్గ్. గోవిందా అంటూ వేలు నొక్కే భక్తుడు చివరిదాకా చదువుతాడా? తర్వాత, 2024 జనవరిలో, దేవస్థానం తన చిరునామాను టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్‌గా మార్చుకుంది. తలకాయ అదే ఉంచి, పేరు మార్చింది.

బ్యాంకులకూ ఈ పాఠం కొంచెం ఆలస్యంగానే ఎక్కింది. వేల కోట్ల డిపాజిట్లున్న బ్యాంకుల్లో ఒకటి డాట్ కామ్, ఇంకొకటి డాట్ కో డాట్ ఇన్, మరొకటి డాట్ ఇన్ పట్టుకుని తిరుగుతుంటే దొంగలకు పండగైంది. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు బెత్తం తీసింది. ఏప్రిల్‌లో గడువు పెట్టి, అన్ని బ్యాంకులూ అక్టోబరు 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ కిందికి రావాలంది. ఆ తోక ఇచ్చే అధికారం ఒక్కరికే. 1996లో రిజర్వు బ్యాంకే హైదరాబాద్‌లో పెట్టిన ఐడీఆర్‌బీటీ సంస్థకు. అక్కడ తొంభై తొమ్మిది రూపాయలు చూపిస్తే తోక ఇవ్వరు, ముందు బ్యాంకు లైసెన్సు చూపించాలి.

ఈ సంగతులన్నీ విన్న మిల్లు యజమాని కొడుకు వైపు చూశాడు. కొడుకు మారు మాట్లాడకుండా డాట్ ఇన్ కొన్నాడు. పాత పేరుకు రెన్యువల్ కట్టలేదు. బోర్డు మార్చారు, మెయిల్ మార్చారు, చెన్నై వర్తకుడికి పేరు రెండుసార్లు వల్లె వేయించారు. మిగిలినవి సంచులు. కంకి బొమ్మతో, పాత చిరునామాతో, వేలల్లో.

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మూడు రోజులు వాన కురిసినప్పుడు వాటికి పని దొరికింది. యజమాని తమ్ముడి రొయ్యల చెరువు గట్టు కోసుకుపోతుంటే, ఆ సంచుల్లో ఇసుక నింపి వరసగా పేర్చారు. గట్టు నిలిచింది. వాన వెలిసిన మర్నాడు చెన్నై వర్తకుడు సరుకు కోసం వచ్చి చెరువు దాకా నడిచాడు. సంచుల మీది పేరు చూసి, సరదాకి ఫోన్‌లో కొట్టాడు. కొట్టి, ఫోన్ దూరంగా పెట్టుకుని ఇంకోసారి చూశాడు. వదిలేసిన పేర్లకు ఎప్పుడూ ఎవడో ఒకడు కాచుకుని ఉంటాడు. తెర మీద పేక ముక్కలు, బంగారు నాణేల వాన, ‘ఇప్పుడే చేరండి’ అని మెరిసే బొత్తాం.

“ఏందన్నా, బియ్యం మానేసి పేకాట క్లబ్బు పెట్టారా?”

యజమాని ఫోన్ తీసుకుని చూశాడు. తర్వాత గట్టు పొడవునా చూశాడు. నాలుగు వందల సంచులు, నాలుగు వందల చోట్ల అదే చిరునామా, రోడ్డు మీద పోయే లారీలకు కూడా కనపడేంత పెద్దక్షరాలు. కూలీలను కేకేశాడు.

“రేయ్, సంచులన్నీ తిరగేసి పేర్చండిరా. రాత నీళ్ల వైపుండాల.”