లైసెన్సు తల్లికి దండాలు

తల్లీ, నీ చల్లని చూపు మా తోటపల్లి గూడూరులో ముందుగా రొయ్యల గుంటల మీద పడింది. ఏం పుణ్యం చేసుకున్నాయో! 2005లో వాటికోసం ఒక చట్టాన్నే కన్నావు. చెన్నైలో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీని కూర్చోబెట్టి, గుంట గుంటకూ రిజిస్ట్రేషన్ అన్నావు. వనామీ రకం రొయ్యలైతే చదరపు మీటరుకు 60 పిల్లలు మించరాదు. ఇరుకైతే ఊపిరాడదు గదా పాపం! సీడు రిజిస్టరైన హేచరీ నుంచే రావాలి. పీతలు దూరకుండా గట్టు చుట్టూ వల, కాకులూ కొంగలూ వాలకుండా పైన దారాలు. కన్నతల్లులకు కూడా ఇంత తీరిక ఉండదు.

మనుషుల బిడ్డల్ని అంత పనిగట్టుకుని చూస్తే దిష్టి తగులుతుందనుకున్నావు కాబోలు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఆడకూలీలు 30 మంది దాటితేనే పసిపిల్లల గది కట్టాలన్నావు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది పనిచేసేచోట క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చనీ వరమిచ్చావు. మా మండలంలో వరినాట్లు వేసే ఆడవాళ్ళ మీద నీ దయ ఇంకా ఎక్కువ. వాళ్ళకు గేటు లేదు, హాజరుపట్టీ లేదు. బిడ్డ గట్టు మీదే ఉంటుంది గనక నాలుగుసార్లేం ఖర్మ, నడుం ఎత్తినప్పుడల్లా చూసుకోవచ్చు. పక్కనే పంటకాలవ ఉంటే ఇంకా తరచుగా చూసుకుంటారు.

ప్లేస్కూళ్ళలో 20 మందికి ఒక టీచరూ, ఒక ఆయా ఉండాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ చేత చెప్పించావు. రొయ్యలకైతే చట్టం, వీళ్ళకు మార్గదర్శకాలు. పసివాళ్ళున్నచోట గొంతు పెంచకూడదన్నది నీ సంస్కారం.

తొందరపాటు నీ ఇంటావంటా లేదు. 2004 జులై 16న కుంభకోణంలో బడి పూరికప్పు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. దేశంలోని బళ్ళన్నిటా నిప్పు నుంచి రక్షణ ఏర్పాట్లుండాలని సుప్రీంకోర్టు ఆదేశించేసరికి 2009 వచ్చింది. అయిదేళ్ళు నీకు రెప్పపాటు. ఆ అయిదేళ్ళలో ఒకటో తరగతి పిల్లలు ఆరుకొచ్చారు, బతికున్నవాళ్ళు.

సాయంత్రం ట్యూషన్లనూ మరిచిపోలేదులే. 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు కేంద్రం చేత నియమాలు రాయించావు: 16 ఏళ్ళు నిండనివాళ్ళను చేర్చుకోవద్దు, తరగతిలో ఒక్కొక్కరికి కనీసం చదరపు మీటరు చోటివ్వాలి. రొయ్యకిచ్చినదానికి 60 రెట్లు! ఎవరన్నారమ్మా నీకు పక్షపాతమని? కాకపోతే పిల్లలు 50 మంది దాటితేనే అది నీ లెక్కలో కోచింగ్ సెంటరు. రొయ్యలు మరీ ఎక్కువైతే నీకు దిగులు, పిల్లలు మరీ తక్కువైతే నీకు కనపడరు. అందుకే ఒకే వసారాలో, ఒకే ఫ్యాను కింద యాభై మంది ఎక్కాలు వల్లిస్తున్నా నీ నిద్ర చెడదు. యాభై ఒకటోవాడు వస్తే చిక్కేమీ లేదు. వాణ్ణి బయట అరుగు మీద కూర్చోబెట్టి, కిటికీలోంచి వినమంటే సరి.