‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ – టీకా తాత్పర్య సహితము

మూలము
యాక్సెప్ట్4 ఫెయిల్డ్, 24: టూ మెనీ ఓపెన్ ఫైల్స్.

అవతారిక
పండుగ అమ్మకాల రద్దీలో ఇంజిన్‌ఎక్స్ సర్వరు తన ఎర్రర్ లాగునందు నిర్వాహకునితో ఇట్లు విన్నవించుచున్నది. ఛందస్సు: వచనము. పఠనకాలము: అర్ధరాత్రి.

ప్రతిపదార్థము
యాక్సెప్ట్4 = వచ్చిన కనెక్షన్‌ను చేర్చుకొను సిస్టమ్ కాల్; ఫెయిల్డ్ = విఫలమైనది; 24 = లినక్స్ దోషసంఖ్య; టూ మెనీ = మితిమీరిన; ఓపెన్ = తెరచి మూయని; ఫైల్స్ = ఫైళ్లును, సాకెట్లును, పైపులును.

తాత్పర్యము
“అయ్యా! మెమరీ మిగిలియున్నది, ప్రాసెసర్ ఖాళీగానే యున్నది, గిరాకీయు వచ్చియున్నది. తెరచినదానికొకటిగా తాము నాకిచ్చిన డిస్క్రిప్టర్లు 1024 మాత్రమే, అవి అయిపోయినవి. ఉన్నవానిలో ఒకటి మూసినగాని క్రొత్తదానికి తావు లేదు” అని భావము.

విశేషములు
‘ఫైల్స్’ అనుట ఉపలక్షణము. కాకులనుండి పెరుగు కాపాడుమనినచో పిల్లిని త్రాగనిమ్మని అర్థము కాదు గదా! యూనిక్స్ మతమున సాకెట్టును డిస్క్రిప్టరుగానే లెక్కకు వచ్చును. ఇంజిన్‌ఎక్స్ ప్రాక్సీగా నున్నప్పుడు ఒక్కొక్కరికి రెండేసి పట్టును: వచ్చినవాని వైపు ఒకటి, వెనుక సర్వరు వైపు ఒకటి. కావున ఒక్కొక్క వర్కరుకు 1024 అనగా సుమారు ఐదువందల మందికి మాత్రమే చాలును.

24 అనగా కేశవనామములని భక్తులు భ్రమింతురు. కాదు. ఈ ఒక్క ప్రాసెస్ పరిమితి నిండెనని అర్థము. యంత్రమంతటి పట్టిక నిండినచో వచ్చునది 23. రెంటికి మందులు వేరు.

పాఠాంతరము
సర్వీసులను లేపు సిస్టమ్‌డి యొక్క 2018లో వెలువడిన 240వ కూర్పు హార్డ్ లిమిట్‌ను 524288కి పెంచి, సాఫ్ట్ లిమిట్‌ను 1024 వద్దనే నిలిపినది. ‘సెలెక్ట్’ను నమ్ముకొన్న పాత ప్రోగ్రాములు 1023 దాటిన డిస్క్రిప్టరును పట్టజాలకపోవుటయే కారణము. సాఫ్ట్‌ను హార్డ్ దాకా ప్రాసెస్ తానే పెంచుకొనవచ్చును. హార్డ్‌ను పెంచుటకు రూట్ అధికారము కావలయును.

ఆక్షేపము
లిమిట్స్.కాన్ఫ్‌లో 65535 అని వ్రాసితిమి, సర్వీసును రీస్టార్ట్ చేసితిమి. ఇంకను 1024 ఏల?

సమాధానము
ఆ ఫైలును చదువునది లాగిన్ వేళ పనిచేయు పామ్. సిస్టమ్‌డి లేపిన సర్వీసు సాధారణముగా ఆ దారిన రాదు. యూనిట్ ఫైలులో లిమిట్‌నోఫైల్ అని వ్రాసి, డీమన్-రీలోడ్ పిమ్మట రీస్టార్ట్ చేయవలెను. లిమిట్స్.కాన్ఫ్ శబ్దప్రమాణము. టెర్మినల్‌లో యులిమిట్ పలుకునది నీ షెల్లు సంగతి, సర్వరుది కాదు. ప్రాక్ క్రింద ఆ ప్రాసెస్ నంబరు గల డైరెక్టరీలోని లిమిట్స్ ఫైలే ప్రత్యక్షప్రమాణము. దానియెదుట తక్కినవి నిలువవు.

మరియొక ఆక్షేపము
‘ఇన్ఫినిటీ’ అని వ్రాసి నిదురపోరాదా?

సమాధానము
రాదు. కొన్ని ప్రోగ్రాములు మొదలగునప్పుడే పరిమితి వరకు గల ప్రతి డిస్క్రిప్టరును ఒక్కొక్కటిగా మూయ యత్నించును. పరిమితి కోట్లలో నున్నచో మొదలగుటకే యుగము పట్టును. అదిగాక అవతలివారు సెలవు తీసికొన్నను ప్రోగ్రాము తనవైపు మూయని సాకెట్లు ‘క్లోజ్-వెయిట్’ స్థితిలో పేరుకొనుచున్నచో అది కోడు దోషము. సంఖ్య పెంచిన కొలది ఆ దోషము మరికొంత ఆలస్యముగా బయటపడును, అంతే.

ఫలశ్రుతి
ఇది చదివినవారికి అర్ధరాత్రి ఫోను రాదని చెప్పజాలము. వచ్చినచో ముందు ప్రాక్‌లోని లిమిట్స్ చూడుడు, పిదప తెరచియున్నవి ఎవరివో లెక్కించుడు, ఆ మీదటనే సంఖ్య మార్చుడు.