సిమెంటు దొరవారి సముఖానికి

మహారాజశ్రీ వీధి సుందరీకరణ అధికారి గారి దివ్య సముఖమునకు, కానుగ చెట్ల వీధి కాపురస్థులు వ్రాసుకొను విన్నపము.

అయ్యా, తమరి శాఖ పేరు పైన రాయలేదు. రాస్తే ‘ఇది మా పరిధిలోనిది కాదు’ అంటూ ఈ కాగితం ఇంకో శాఖకు వెళ్తుంది, అక్కడి నుంచి మరో శాఖకు. పేరు లేకపోతే, పని చేయించినవారే గుర్తుపట్టి చదువుకుంటారని మా ఆశ.

మా వీధిని ‘వాతావరణ మార్పులను తట్టుకునే ఆదర్శ వీధి’గా ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. బోర్డు చాలా బాగుంది. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంది. ఆ బోర్డు పాతడానికి గుంత తవ్వుతుంటే కానుగ వేరొకటి అడ్డొచ్చిందట, నరికేశారు. ముక్కలు ఇంకా బోర్డు కిందే పడి ఉన్నాయి.

మొన్న గురువారం పేవరు బ్లాకుల లారీలు వచ్చాయి. పొద్దుగూకేసరికి ప్రహరీ నుంచి రోడ్డు దాకా రెండు వైపులా పరిచేశారు. చెట్ల మొదళ్ల దగ్గర బ్లాకులు సరిగా కుదరవు కదా, ఆ సందుల్లో కాంక్రీటు పోశారు. కాండానికి ఆనించి పోసి, తాపీతో నున్నగా రుద్ది, ఆపైన చెట్లకు సున్నం, జాజు పట్టీలు కూడా వేశారు. “మొదట్లో కాస్త మట్టి వదలవయ్యా” అని మేస్త్రీని బతిమాలాం. “ఎస్టిమేట్ల మట్టి లేదు సార్. మన్ను కనబడితే బిల్లు ఆపుతరు” అన్నాడు. పాపం, అతను ఉన్నమాటే చెప్పాడు.

ఏమయ్యా, ఆ ఎస్టిమేటు వేసినవాళ్లు చెట్టును ఎప్పుడైనా చూశారా? చెట్టు నీళ్లు తాగేది వేళ్లతో. ఆ వేళ్లకు గాలి కూడా కావాలి. అందుకే వాటిలో ఎక్కువ భాగం పైపై రెండు మూడు అడుగుల మట్టిలోనే పాకుతాయి. ఆ రెండు మూడు అడుగుల మీదే మీరు మూత పెట్టారు. కాండం ఏటా లావెక్కుతుంది, కాంక్రీటు లావెక్కదు. బెరడు ఒరుసుకుపోతుంది, కుళ్లు పడుతుంది. రెండు మూడేళ్లు చెట్టు బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ఏదో ఒక మే నెల సాయంత్రం గాలిదుమారం లేచి, నిలబెట్టిన కారు మీద పడుతుంది. అప్పుడు మీరే రంపాలు పట్టుకుని వస్తారు. మిగిలినవాటికి కూడా ‘ప్రమాదకరం’ అని గుర్తులు వేసి పోతారు.

కానుగ వేసవి మొదట్లో ఆకు రాల్చి, ఎండలు ముదిరేలోగా లేతాకు తొడిగేస్తుంది. రోహిణి కార్తెకి దాని కింద సూర్యుడు కనబడడు. ఇస్త్రీ బండి అక్కడే. ఆటోవాళ్ల కునుకు అక్కడే. సరుకులు తెచ్చే కుర్రాళ్లు హెల్మెట్ తీసి ఊపిరి పీల్చుకునేదీ అక్కడే. పార్కుకు వెళ్లమంటారా? ఆ గేటుకు పొద్దున పదింటికి తాళం పడితే సాయంత్రం నాలుగు దాటాకే తీస్తారు. ఎండ ఉన్నంతసేపూ నీడకు సెలవు.

మాకు విధానాలు తెలియవనుకోకండి. 2023 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలన్నారు. మంచి మాటే. మేమూ డాబాలకు తెల్లరంగు కొట్టించాం, పై అంతస్తువాళ్లు కాస్త నిద్రపోతున్నారు కూడా. ఇప్పుడు వీధిని మీరు పెనం చేశారు. పగలు తాగిన వేడిని ఈ బ్లాకులు అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉన్నాయి. నీడ కూడా పోతే ఇక తెల్లరంగు ఎవరి ముఖాన కొట్టుకోవాలి?

ఇంకుడు గుంత మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు మునిగాయి. ఆ తర్వాత మేం చందాలు వేసుకుని వీధి మూలన గుంత తవ్వించి, కంకర నింపించి, పైన జాలీ పెట్టించాం. గురువారం దాని మీద కూడా పరిచేశారు. ఇప్పుడది ఎక్కడుందో చెప్పాలంటే పురావస్తు శాఖవారు రావాలి. “బ్లాకుల సందుల్లోంచి నీరు దిగుతుంది కదండీ” అని మీ ఏఈ గారు సెలవిచ్చారు. కింద ఇసుకో కంకరో ఉంటే దిగేది. మీరు ముందు కాంక్రీటు బెడ్డు పోసి దాని మీద బ్లాకులు పేర్చారు. మేం చూస్తూనే ఉన్నాం.

మట్టిని వదిలితే ఏమవుతుందో చూడాలంటే అంబర్‌పేట వెళ్లండి. చెత్తా చెదారం పోసి పూడ్చేసిన బతుకమ్మ కుంటలో 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్వకం మొదలుపెడితే కొద్ది అడుగుల్లోనే నీళ్లు ఉబికాయి. పైపులైను పగిలిందేమో అన్నారు కొందరు. అన్నేళ్ల చెత్త కింద కూడా కుంట నీళ్లు కుంటలోనే ఉన్నాయని వాళ్లకు నమ్మకం కలగలేదు మరి!

ఇంకా వెనక్కి వెళ్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేలమందిని మింగిన రోజున, అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును నేటికీ చూడవచ్చు. దాని మొదలు చుట్టూ నున్నగా కాంక్రీటు పోయాలన్న ఆలోచన ఆనాటివాళ్లెవరికీ రాకపోవడం ఆ 150 మంది అదృష్టం.

మేం అడిగేది కొత్త కోరిక కాదు. చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు ఉండకూడదని, ఉన్నచోట తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీవారికి చెప్పింది. ఢిల్లీ చెట్టుకు దక్కిన మీటరు మా చెట్టుకు ఎందుకు దక్కదు? మన హైదరాబాద్‌కు 2020 సంవత్సరానికి ‘ట్రీ సిటీ ఆఫ్ ది వరల్డ్’ గుర్తింపు వచ్చింది. ఆ పత్రాన్ని ఎవరో ఫ్రేము కట్టించే ఉంటారు. ఫ్రేములో కాగితం చుట్టూ కాస్త ఖాళీ వదిలే ఉంటారు.

చెట్లకు చుట్టిన సీరియల్ లైట్ల గురించి, కోచింగ్ సెంటర్ల బోర్డులకు కొట్టిన మేకుల గురించి, కరెంటు తీగల పేరుతో ఒకవైపు కొమ్మలన్నీ కొట్టేసి చెట్టును రెండోవైపు ఒరగబెట్టే విద్య గురించి, వాగు రాకుండా కట్టేసి చెరువు చుట్టూ వేసే వాకింగ్ ట్రాకుల గురించి కూడా రాద్దామనుకున్నాం. అవన్నీ ఇంకో ఉత్తరంలో.

ఇంతలో నిన్న కరపత్రం వచ్చింది. జూన్ 5న పర్యావరణ దినోత్సవం మా వీధిలోనేనట, ముఖ్య అతిథి మొక్క నాటుతారట. మట్టి లేనిచోట మొక్క ఎలా నాటుతారా అని వెళ్లి చూశాం. షామియానా వేసే చోట అప్పుడే నాలుగు వరసల బ్లాకులు పీకించి, చక్కటి గుంత తీయించి, ఎర్రమట్టి పోయించారు. చుట్టూ మీటరు ఖాళీ! అంటే తమరికి తెలుసన్నమాట. ఇంకా నాటని మొక్కకు ఉన్న మర్యాద, మా నాయనల కాలం నుంచి నీడనిస్తున్న చెట్టుకు లేదన్నమాట.

బాబ్బాబు, ఇంకేమీ వద్దు. బోర్డు ఉంచుకోండి, బ్లాకులు ఉంచుకోండి, ఫొటోలు దిగండి, మేమే వచ్చి చప్పట్లు కొడతాం. ఒక్కో చెట్టు మొదట్లో అతిథి గారి మొక్కకు వదిలినంత మట్టి వదలండి. తొలకరి లోపల ఆ కాంక్రీటు తీయించండి. కూలీలు లేరంటారా, గడ్డపార మా దగ్గరుంది, మేమే తీసుకుంటాం. అలా తీస్తే ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసినట్టు కేసవుతుందని మీ ఏఈ గారు హెచ్చరించి వెళ్లారు. కనీసం ఆ కేసు పెట్టకండి.

ఇట్లు,
వీధివాసులు