గుండెకి మంచిదట!

మా అప్ప మొగుడు కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేస్తాడు. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు పిక్కలు తీసి చూశాడంటే ఎంత పప్పు దిగుతుందో చెప్పేస్తాడు. ఎవడు బాకీ తీరుస్తాడో, ఎవడు ఎగ్గొడతాడో కూడా మొహం చూసే చెబుతాడు. ఇంతటి ఘటికుడూ ఫోన్లోకి వచ్చిన ఆరోగ్య సలహాని మాత్రం గ్రేడింగు చెయ్యకుండా మింగేస్తాడు.

ఈమధ్య ఆయనకి కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువని తేలింది. డాక్టరు గారు నడవమన్నారు, నూనె తగ్గించమన్నారు, మందు మానమన్నారు. మూడింట్లో ఒక్కటీ నచ్చక, నేను ఇంటికెళ్లగానే అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఏరా బామ్మర్దీ, రెడ్ వైను గుండెకి మంచిదట కదేటి? ఫ్రాన్సోళ్లు రోజూ తాగుతారట. మన డాక్టరికి ఈ సంగతి తెల్దేటి?"

ఆయన అడుగుతున్నది ప్రశ్న కాదు, పర్మిషను.

కబురు ఫ్రాన్సు నుంచి వచ్చిన మాట నిజమే. వెన్నా చీజూ దండిగా తినే ఫ్రెంచివాళ్లకి గుండెజబ్బులు తక్కువనీ, వైను పుణ్యం కావచ్చనీ సెర్జ్ రెనో అనే శాస్త్రవేత్త 1991లో అమెరికా టీవీ కార్యక్రమం '60 మినిట్స్'లో చెప్పాడు. అంతే, అమెరికాలో రెడ్ వైను అమ్మకాలు ఎగబాకాయి. తర్వాత నల్లద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్‌ని హీరోని చేశారు. 2006లో దాన్ని ఎలుకలకి పెడితే, కొవ్వు మేసిన ఎలుకలు కూడా ఎక్కువకాలం బతికాయి.

"మరింకేటి!" అన్నాడు బావ.

"ఆ మోతాదు మనిషికి వైనులోంచే రావాలంటే రోజుకి వందల సీసాలు తాగాలి బావా."

బావ కాసేపు ఆలోచించాడు. "ఒక్కడినేనా?"

2008లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ ఈ రెస్వెరట్రాల్‌ని నమ్ముకుని సిర్‌ట్రిస్ అనే చిన్న కంపెనీని 72 కోట్ల డాలర్లు పోసి కొంది. 2013లో దాన్ని మూసేసింది. మధ్యలో 2012లో, రెడ్ వైను మేలు మీద పేరుమోసిన దీపక్ దాస్ అనే పరిశోధకుడు 145 చోట్ల లెక్కలు కల్పించాడని ఆయన పనిచేసిన కనెక్టికట్ విశ్వవిద్యాలయమే ప్రకటించింది. 72 కోట్ల డాలర్లన్న చోట బావ నిజంగా బాధపడ్డాడు. "శాంపిలు చూడకుండా సరుకు కొనీసినారేటి?"

అసలు చిక్కు పట్టికల్లో ఉంది. మితంగా తాగేవాళ్ల గుండె, బొత్తిగా తాగనివాళ్ల గుండె కంటే బాగుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. కానీ ఆ తాగనివాళ్లలో ఒళ్లు చెడి మానేసినవాళ్లూ కలిసిపోయారు. లివరు పాడై సీసా వదిలిన మా పెద్దమావయ్య ఫ్రాన్సులో పుట్టుంటే, 'తాగనివాళ్ల ఆరోగ్యం ఇంత అధ్వానం' అనడానికి సాక్ష్యంగా పనికొచ్చేవాడు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంతవరకూ తాగితే ఫర్వాలేదనే హద్దే లేదని తేల్చి చెప్పేసింది.

"పోనీ, మితంగా?"

వైను లెక్కలో మితమంటే 150 మిల్లీలీటర్ల గ్లాసు. బావ లెక్కలో మితమంటే క్వార్టరు. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే దొరుకుతున్న క్వార్టరులో నాలుగు గ్లాసుల వైనుకి సరిపడా ఆల్కహాలుంటుంది. పైగా టెక్కలి దాకా వెళ్లి వెతికితే బావకి దొరికింది తియ్యటి పోర్టు వైను. గుండె సంగతేమో గానీ, చీమలు మాత్రం సీసాని వదల్లేదు.

మితంగా తాగడమంటే ఏమిటో నేను చూసింది వజ్రపుకొత్తూరు వైపు, బావ వాళ్ల జీడితోటలో. అక్కడ పనిచేసే పెద్దాయన డయాలసిస్ మీద ఉన్నాడు. రోజంతటికీ తాగాల్సిన నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసుకుని, సీసా మూతతో గుక్కలు కొలుచుకుంటాడు. ఆ తోటలుండే ఉద్దానంలో కొలెస్ట్రాల్ ఊసు పెద్దగా వినబడదు, పలకరింపుల్లో కూడా క్రియాటినినే. అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇన్నేళ్లయినా తేలలేదు. నీళ్ల మీద అనుమానంతో 700 కోట్ల పథకం పెట్టి హిరమండలం నుంచి పైపులేశారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఆ పెద్దాయనకి వైను సంగతి చెబితే నవ్వి, "ముందు నీళ్లు తాగనివ్వండి బాబూ" అన్నాడు.

ఆ తోటలోనే వేసవిలో పిక్క ఒలుచుకుని జీడిపండు అవతల పారేస్తారు. నారింజ కంటే నాలుగైదు రెట్లు విటమిన్ సి ఉన్న పండు! కొరికితే గొంతు పట్టేస్తుంది, చొక్కా మీద పడితే మరక చచ్చినా పోదు. గొంతు పట్టేది టానిన్ల వల్ల. రెడ్ వైనులో వగరూ వాటిదే. గోవాలో ఈ పండుతోనే ఫెనీ కాస్తారని నేననగానే బావ కళ్లు మెరిశాయి. వంటింట్లోంచి అప్ప దగ్గింది.

అప్ప పరిశోధన పత్రాలేవీ చదవలేదు గానీ, వేరుశెనగలో కూడా రెస్వెరట్రాల్ ఉంటుందని నేనన్న ముక్క పట్టుకుంది. మర్నాడు సాయంత్రం బావ ముందు ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పళ్లెం, పక్కనే గ్లాసుడు మజ్జిగ పెట్టింది.

బావ పళ్లెం వంకా గ్లాసు వంకా చూశాడు. "స్టఫ్ బాగానే ఉందే. అసలు సరుకేదీ?"

"ఫ్రాన్సులో ఉందట. నడిచెళ్లి తెచ్చుకో, డాక్టరు నడవమన్నాడు కదా" అంది అప్ప.