మూడు దీపాల పద్యం: టీకా తాత్పర్యం

మూడు దీపములను ముందుగా చూడుము
భూమి లేని యెడల పూర్తి గాదు
ఉప్పు బొగ్గు నీరు నుంచిన గుంతయే
యింటి గుట్టు తెలుపు నెల్ల వేళ

టీక: మూడు దీపములను = సాకెట్‌లో గుచ్చే మూడు లైట్ల టెస్టర్‌ను; ముందుగా చూడుము = అక్కడితో ఆగవద్దని ధ్వని; భూమి = ఎర్త్; లేని యెడల = మూడో పిన్నుకు వైరే లాగకపోతే; పూర్తి గాదు = ఇంటి తనిఖీ ముగియదు; గుంత = జీఐ పైపు దింపిన ఎర్త్ గుంత.

తాత్పర్యం: ఇల్లు కొనేవాడు ఈశాన్యం మూల చూసినంత శ్రద్ధగా ఎర్త్ గుంత మూత కూడా తీసి చూడాలి.

విశేషాలు: దేనితో చూడాలన్న దానిపై మతభేదాలున్నాయి. స్క్రూడ్రైవర్ టెస్టర్ వారు ప్రాచీనులు. అందులోని నియాన్ బల్బు ఫేజు ఎక్కడుందో చెబుతుంది. ఎర్త్ సంగతి అడిగితే మౌనం. హోల్డర్ బల్బు వారు ఫేజుకూ ఎర్త్ రంధ్రానికీ మధ్య 60 వాట్ల బల్బు పెడతారు. అయితే ఇంట్లో 30 మిల్లీయాంపులు భూమిలోకి కారగానే కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ ఉంటే, బల్బు లాగే 260 మిల్లీయాంపులకు ఇల్లంతా చీకటవుతుంది. దాన్ని ‘ఎర్త్ లేదు’ అని చదవడం అపవ్యాఖ్య. కరెంటు భూమిలోకి పోయింది కాబట్టే ఆర్‌సీసీబీ పడిపోయింది!

నవ్యుల మూడు దీపాల టెస్టర్ తెగిన ఎర్త్‌నూ, తారుమారైన ఫేజు న్యూట్రల్‌నూ పట్టేస్తుంది. కానీ సాకెట్ డబ్బాలోనే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు వైరు ముక్క తగిలించిన ఘనుడి ముందు బోల్తా పడుతుంది. దీపాలు ‘అంతా క్షేమం’ అంటూనే ఉంటాయి. వెనకాల న్యూట్రల్ తెగిననాడు మడకశిరలో ఫ్రిజ్ తలుపు మీదికి, ధర్మవరంలో మరమగ్గం చట్రం మీదికి 230 వోల్టులు నడిచివస్తాయి.

ఇక గుంత. పెనుకొండ, మడకశిర వైపు రాతి నేల, ఏడాదికి 550 మి.మీ. చుట్టుపక్కల వాన. ఎండిన నేల కరెంటును సులువుగా పోనివ్వదు. గుంత నిరోధం 50 ఓములు అనుకుందాం. ఫేజు తగిలిన ఇనుప ఒంటి నుంచి భూమిలోకి పారేది 4.6 యాంపులే. 16 యాంపుల ఎంసీబీ దానికి కదలదు. అలాంటి గుంత మీద కూడా మూడు దీపాల టెస్టర్ ‘సరే’ అంటుంది, 60 వాట్ల బల్బు సైతం కంటికి తెలిసేంత మసకబారదు. ఆ ఓములు తేల్చాలంటే ఎర్త్ మెగ్గర్ లాంటి పరికరం కావాలి. దాన్నీ ముసురు పట్టిన రోజు కాదు, నడివేసవిలో పెట్టి కొలవాలి. ‘ఎల్ల వేళ’ పాదపూరణ కోసం వేసిన మాట కాదని నా పక్షం.

పాఠాంతరం: మూడో పాదానికి ‘ఉప్పు బొగ్గు లేక యుత్తది గుంతయే’ అని కాంట్రాక్టర్ల ప్రతులలో కనిపిస్తుంది. ఛందస్సు సరిపోయింది, ఖర్చూ తగ్గింది.